ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతుంది?

(హింసకి గురైన మహిళలకి సాయపడే సఖి కేంద్రాల కౌన్సెలర్లు, రక్షణ అధికారులు, మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ దగ్గరికి వచ్చే ఆవిడ కూర్చోగానే అనే మాట ఒకటుంటుంది. "మేడమ్, నా ఫోన్‌లో మా ఆయన ఏదో పెట్టాడు. ఎక్కడికెళ్లినా తెలిసిపోతోంది. ఎవరితో మాట్లాడినా రాత్రికల్లా అడుగుతున్నాడు." ఈ మాట వినగానే మనకి గూఢచారి యాప్ గుర్తొస్తుంది. వీధి చివర మొబైల్ షాపు కుర్రాడికి చూపించమంటాం. అతను ఫోన్ మొత్తం ఫార్మాట్ కొట్టి ఇస్తాడు. వారం తిరక్కుండా ఆయనకి మళ్లీ అన్నీ తెలుస్తుంటాయి. ఈలోగా ఫోన్‌లో ఉన్న సాక్ష్యం కాస్తా గాలికి పోయింది.

చాలా కేసుల్లో ఆయన కొత్తగా పెట్టిందేమీ ఉండదు. ఫోన్ కొన్నది ఆయన. సిమ్ తీసింది ఆయన ఆధార్ మీద. జీమెయిల్ తెరిచిందీ, పాస్‌వర్డ్ పెట్టిందీ ఆయనే. తాళం పగలగొట్టి దూరిన దొంగ కాదు, తాళాల గుత్తి మొదటి నుంచీ ఆయన మొలకే ఉంది. అందుకని "ఏ యాప్ పెట్టాడు" అని అడగడానికి ముందు ఇంకొకటి అడగండి: ఈ ఖాతాలో "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతుంది? ఆమె జీమెయిల్, ఫేస్‌బుక్, బ్యాంకు, ఆధార్, కరెంటు బిల్లు కట్టే యాప్, పిల్లల స్కూలు యాప్, ఒక్కొక్కదానికీ ఈ ప్రశ్న వేస్తూ కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో మాత్రం రాయొద్దు. అరగంట పడుతుంది. సగం కేసు ఆ కాగితం మీదే తేలిపోతుంది.

సిమ్ దగ్గర మొదలుపెడదాం. సిమ్ భర్త పేరున ఉంటే, చట్టం దృష్టిలో ఆ నంబరు అతనిది. పోస్ట్‌పెయిడ్ అయితే ఏ నంబరుకి ఎన్ని నిమిషాలు మాట్లాడిందో వివరంగా బిల్లు తెప్పించుకోగలడు. సిమ్ పోయిందని చెప్పి డూప్లికేట్ తీసుకోగలడు. అప్పుడు ఆమె ఫోన్‌లో సిగ్నల్ ఒక్కసారిగా పోతుంది, ఓటీపీలన్నీ అతనికి చేరతాయి. నంబరు ఆమె పేరుకి మార్పించాలంటే ఇప్పుడున్న యజమాని ఒప్పుకోవాలి, అంటే మళ్లీ అతన్నే అడగాలి. కాబట్టి పాత నంబరు కోసం పోట్లాడొద్దు. ఆమె ఆధార్ మీద కొత్త సిమ్ తీసుకుని, ఖాతాలను ఒక్కొక్కటిగా దాని మీదికి తరలించడమే తేలిక. పాత సిమ్ మాత్రం పారేయకూడదు. బెదిరింపు మెసేజ్‌లు వచ్చేది దాని మీదికే.

ఆధార్‌లో నంబరు మార్చాలంటే పాత నంబరుకి ఓటీపీ రావాలేమో అని చాలామంది ఆగిపోతారు. అక్కర్లేదు. ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేస్తే మారుతుంది. బ్యాంకు దగ్గరే చిక్కు. నంబరు మారిస్తే కొన్ని బ్యాంకులు పాత నంబరుకి కూడా సమాచారం పంపుతాయి, అది అతని చేతిలో పడుతుంది. అందువల్ల ఇంకా ఇంట్లోనే ఉన్న మనిషికి పాత ఖాతాని కదపకుండా వేరే బ్యాంకులో, వేరే నంబరుతో, వేరే మెయిల్‌తో కొత్త ఖాతా తెరిపించడం మంచిది. పాస్‌బుక్, చెక్కుబుక్ ఇంటి అడ్రసుకి పోస్టులో రాకుండా బ్రాంచిలోనే తీసుకుంటామని ముందే చెప్పాలి. ఈ చిన్న విషయం మరిచిపోయి ఎన్ని ప్లాన్లు కొరియర్ కుర్రాడి చేతిలో బయటపడ్డాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక వాట్సాప్. నిఘా పెట్టడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. యాప్ తెరిచి, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కితే "లింక్డ్ డివైజెస్" అని వస్తుంది. అసలు ఫోన్‌తో పాటు నాలుగు పరికరాల దాకా అందులో కలుపుకోవచ్చు: ల్యాప్‌టాప్, ఆఫీసు కంప్యూటర్, ఇంకో ఫోన్ కూడా. కలపడానికి ఆమె ఫోన్ అన్‌లాక్ అయి అర నిమిషం చేతికి చిక్కితే చాలు. నిద్రపోతున్న మనిషి వేలు పట్టుకుని ఫోన్ తెరవడం మీరు వినని సంగతేమీ కాదు. ఆ జాబితాలో ప్రతి పరికరం పక్కనా చివరిసారి ఎప్పుడు వాడారో ఉంటుంది. ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి. లాగవుట్ తర్వాతి సంగతి. ఎందుకంటే మీరు లాగవుట్ కొట్టిన మరుక్షణం అతని కంప్యూటర్‌లో వాట్సాప్ మూసుకుపోతుంది, ఆమెకి తెలిసిపోయిందని అతనికి తెలుస్తుంది. ఆ రాత్రి ఆమె ఎక్కడ ఉండబోతోందో తెలియకుండా ఆ బటన్ జోలికి పోకండి. అసలు ఫోన్‌ని 14 రోజులు వాడకపోతే లింక్ చేసినవి వాటంతటవే లాగవుట్ అవుతాయి, కానీ రోజూ ఫోన్ వాడే మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. తర్వాత, పరిస్థితి కుదుటపడ్డాక, టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టించండి. పెళ్లిరోజు, పిల్లల పుట్టినరోజు వద్దు.

వేలిముద్రల గురించి ఒక మాట. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో చూస్తే వేలిముద్ర 1, 2, 3 అని వరసగా ఉంటాయి తప్ప ఏది ఎవరిదో రాసి ఉండదు. అన్నీ తీసేసి ఆమెవి మాత్రమే మళ్లీ పెట్టాలి. ఐఫోన్‌లో అయితే ముఖం గుర్తింపుకి రెండో రూపం ఒకటి జత చేసే వీలుంది, అది ఖాళీగా ఉందో లేదో చూడండి.

గూగుల్ ఖాతా అసలైన గుండెకాయ. ఫొటోలు, కాంటాక్టులు, వెళ్లిన చోట్లు, వాట్సాప్ బ్యాకప్, సేవ్ చేసిన పాస్‌వర్డులు అన్నీ దాని కిందే. ఖాతా సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ పేజీకి వెళితే "యువర్ డివైజెస్" ఉంటుంది, ఏ ఏ ఫోన్లలో ఈ ఖాతా తెరిచి ఉందో కనిపిస్తుంది. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఎవరివో అక్కడే తెలుస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి "లొకేషన్ షేరింగ్" చూడండి. ఎప్పుడో ఊరెళ్లినప్పుడు గంటసేపటికని ఇచ్చింది "ఆపేదాకా" అని ఉండిపోయి ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో ఫొటోలు ఇంకొకరికి వాటంతటవే చేరే పార్ట్‌నర్ షేరింగ్ ఉందేమో చూడండి. జీమెయిల్‌లో ఇంకో గొయ్యి ఉంది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ వేరే అడ్రసుకి పంపించే ఫార్వర్డింగ్ ఏర్పాటు ఫోన్ యాప్‌లో కనబడదు. కంప్యూటర్ బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ అనే రెండు చోట్లా చూడాలి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది ఆగదు.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఉంది. సాయం చేద్దామని ఆమె ఖాతాని కేంద్రంలోని కంప్యూటర్‌లో తెరుస్తారు. కొత్త పరికరంలో లాగిన్ అయ్యారని గూగుల్ వెంటనే హెచ్చరిక పంపుతుంది, రికవరీ మెయిల్ అతనిదైతే అతనికీ పోతుంది. మీ ఊరి పేరు కూడా అందులో ఉండొచ్చు. కాబట్టి మొదటి పరిశీలన ఆమె ఫోన్‌లోనే, ఏమీ మార్చకుండా, కేవలం చూడటం వరకే. కంప్యూటర్‌లో తెరవాల్సిన జీమెయిల్ ఫార్వర్డింగ్ లాంటివి ఆమె సురక్షితంగా బయటపడే రోజుకి పెట్టుకోండి.

ఫోన్‌తో సంబంధం లేకుండా జాడ తెలిసే దారులు మన దేశంలో చాలానే ఉన్నాయి. కారు ఫాస్టాగ్ అతని నంబరు మీద ఉంటే, ఆమె హైదరాబాద్ నుంచి విజయవాడ వెళుతుంటే పంతంగి టోల్ దాటగానే అతనికి మెసేజ్. జాయింట్ ఖాతా నుంచి యూపీఐలో 20 రూపాయల టీ తాగినా కొట్టు పేరుతో సహా స్టేట్‌మెంట్‌లో పడుతుంది. క్యాబ్ యాప్, తిండి తెప్పించుకునే యాప్ ఇద్దరికీ ఒకే ఖాతా అయితే కొత్త గది చిరునామా అతని ఫోన్‌లో వరసగా సేవ్ అవుతుంది. బ్యాగులోనో, స్కూటర్ సీటు కిందో ఎయిర్‌ట్యాగ్ లాంటి జాడ చెప్పే బిళ్ల ఉంటే, 2024 మే నుంచి ఐఫోన్లూ ఆండ్రాయిడ్ ఫోన్లూ రెండూ హెచ్చరిస్తున్నాయి. అయితే సిమ్ వేసి కారులో బిగించే జీపీఎస్ డబ్బాని ఆ హెచ్చరిక పట్టుకోలేదు. స్టీరింగ్ కింద మెకానిక్ యంత్రం తగిలించే సాకెట్, డ్యాష్‌బోర్డు లోపల, బ్యాటరీ వైర్లు, ఇవి నమ్మకస్తుడైన మెకానిక్‌తో చూపించాలి. దొరికితే పీకొద్దు, ఉన్నచోటే ఫొటో తీయాలి. ఇంటి హాల్లో సీసీ కెమెరా సంగతి సరేసరి. దానికి మైకు ఉందా, యాప్ ఎవరి ఫోన్‌లో ఉంది అన్నదే ప్రశ్న. అతను డాలస్‌లో, ఆమె గుంటూరులో అత్తగారింట్లో ఉన్నా వంటింట్లో మాట అక్కడికి వినిపిస్తుంది.

ఇప్పుడు నిజంగా యాప్ పెట్టిన కేసులు. ఉంటాయి, కొట్టిపారేయకూడదు. అయితే "ఫోన్ వేడెక్కుతోందా, బ్యాటరీ త్వరగా దిగుతోందా" అని తిరిగే ఫార్వర్డ్ మెసేజ్‌లని నమ్మకండి. మే నెలలో రామగుండంలో ఏ ఫోన్ వేడెక్కదు? వీటిని ప్లే స్టోర్ బయట నుంచి ఏపీకే ఫైలుగా, అంటే యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైలుగా, దించి పెడతారు. కాబట్టి ఫోన్ కాసేపు అతని చేతిలో ఉండాలి, లాక్ తెలిసుండాలి. పేరు "సిస్టమ్ సర్వీస్", "సింక్" లాగా ఉంటుంది, గుర్తు కూడా కనిపించకపోవచ్చు. వెతికే చోట్లు ఇవి: సెట్టింగ్స్ పైన ఉన్న వెతుకు పెట్టెలో "డివైజ్ అడ్మిన్" అని కొట్టండి, తర్వాత "యాక్సెసిబిలిటీ", ఆ తర్వాత "నోటిఫికేషన్ యాక్సెస్", చివరగా "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్". కంపెనీని బట్టి మెనూ దారి మారుతుంది, వెతుకు పెట్టె మాత్రం అన్నిట్లోనూ ఉంటుంది. తెరమీద ఉన్నది చదవాలన్నా, టైపు చేసేది పట్టుకోవాలన్నా ఇలాంటి యాప్‌కి యాక్సెసిబిలిటీ అనుమతి కావాలి. అందుకే అక్కడ తెలియని పేరు ఆన్‌లో ఉంటే అనుమానించాలి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ నొక్కి హానికర యాప్‌లని పసిగట్టే ప్లే ప్రొటెక్ట్ చూడండి. అది ఆఫ్ చేసి ఉంటే, ఎవరు ఆఫ్ చేశారన్నదే మీ కేసు.

ఐఫోన్‌లో యాప్ దాచడం కష్టం. సాధారణంగా ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్ ఖాతా పాస్‌వర్డ్ తెలిసి లోపలికి వస్తారు. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి ప్రైవసీ సెట్టింగ్స్ కింద "సేఫ్టీ చెక్" ఉంది. అందులో రెండు దారులు. ఒకటి అన్నిటినీ ఒక్క దెబ్బకి తెంచే ఎమర్జెన్సీ రీసెట్, రెండోది ఒక్కొక్కటి చూసుకుంటూ మార్చేది. ఇంట్లోనే ఉన్న మనిషికి మొదటిది ప్రమాదం. పేరు చూసి మోసపోకండి.

యాప్ ఉందని తేలితే ఏం చేయాలి? ఏమీ చేయొద్దు, ఆ రోజుకి. ఆ ఫోన్‌ని మామూలుగానే వాడనివ్వండి. అమ్మతో మాటలు, కూరగాయల లెక్కలు, సీరియల్. ఒక్కసారిగా ఫోన్ మూగబోతే అనుమానం వస్తుంది. లాయరుతో మాటలు, మీతో మాటలు, కొత్త మెయిల్ తెరవడం, ఇవన్నీ వేరే ఫోన్‌లో: అక్కచెల్లెళ్లదో, ఆఫీసులో స్నేహితురాలిదో. కొత్త ఫోన్ కొనగలిగితే పాత ఫోన్ నుంచి డేటా ఎక్కించొద్దు, పాత గూగుల్ ఖాతా కలపొద్దు. కలిపితే కొత్త ఇంటికి పాత తాళాల గుత్తి మోసుకెళ్లినట్టే. మళ్లీ మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఆ ఫోన్‌ని ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి రమ్మనండి. నిఘా ఉన్న ఫోన్‌ని స్విచాఫ్ చేసి తెస్తే, ఆగిపోయిన చోటూ సమయమూ అతనికి కనబడతాయి.

ఆమెకి వచ్చే కాల్స్‌ని వేరే నంబరుకి మళ్లించే కాల్ ఫార్వర్డింగ్ గురించి అడుగుతుంటారు. స్టార్, హ్యాష్ నొక్కి చూసుకోమని పాత సలహా ఒకటి తిరుగుతూ ఉంటుంది. 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ కోడ్‌లతో ఫార్వర్డింగ్ ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలని ఆదేశించింది. ఇప్పుడు ఫోన్ యాప్‌లోని కాల్ సెట్టింగ్స్‌లో చూడండి, లేదా కంపెనీ కస్టమర్ కేర్‌ని అడగండి.

ఫొటోలు, వీడియోల బెదిరింపు. "వదిలి వెళితే గ్రూపులో పెడతా" అంటాడు. ఆమెని తినేసే ఆలోచన ఏమిటంటే, అప్పుడు నేనే ఒప్పుకున్నాను కదా అని. ఇది మీరు గట్టిగా చెప్పాల్సిన చోటు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణలో స్పష్టంగా ఉంది: తీయడానికి ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమే. మొదటిసారి అయితే ఏడాది నుంచి మూడేళ్ల శిక్ష. ఒప్పుకోకుండా ఒంటి రహస్య భాగాల బొమ్మ తీసినా, పంచినా ఐటీ చట్టంలో 66ఈ ఉంది, మూడేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. లైంగిక చర్య ఉన్న వీడియో అయితే 67ఏ, మొదటిసారికి ఐదేళ్ల వరకు. 66ఈ బాధితుడు మగవాడైనా వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాల మీద ఉండిన 66ఏ పెట్టమని మాత్రం రాయకండి, సుప్రీంకోర్టు దాన్ని 2015లోనే కొట్టేసింది. ఇప్పటికీ ఫిర్యాదుల్లో కనబడుతూనే ఉంటుంది.

ఇంకా బయటికి రాకముందే చేయగలిగింది ఒకటుంది. స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ అనే సైటు 2021 నుంచి నడుస్తోంది, 18 ఏళ్లు దాటినవారికి. ఫొటో ఆమె ఫోన్ దాటి బయటికి పోదు. ఫోన్‌లోనే దాని నుంచి ఒక వేలిముద్ర లాంటి అంకెల గుర్తు తయారై అది మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి భాగస్వామి వేదికలకి చేరుతుంది. అదే బొమ్మ అక్కడ ఎక్కిస్తే పట్టుకుంటాయి. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయేదాన్ని ఇది ఆపలేదు. ఆ ఆశ పెట్టకండి. ఫొటో ఆమె దగ్గరే లేకపోతే కూడా కుదరదు, అందుకే అసహ్యంతో డిలీట్ చేయకముందే ఈ సంగతి చెప్పాలి. ఎక్కేసిన వాటికి, 2021 ఐటీ నియమాల ప్రకారం బాధితురాలు గానీ ఆమె తరఫున ఎవరైనా గానీ ఫిర్యాదు చేస్తే వేదిక తొలగించాలి. నియమాలు వచ్చినప్పుడు దానికి పెట్టిన గడువు 24 గంటలు. ఫిర్యాదు చేసిన సమయం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగంలో పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు, కానీ అలా రాస్తే ఆ తర్వాత ఏమైందో మనం వెంటపడి చూసుకోలేం. 1930 నంబరు ప్రధానంగా డబ్బు పోయినప్పటికి. ఇంట్లో ప్రమాదం ఉంటే 112, సలహాకీ ఆశ్రయానికీ 181.

సాక్ష్యం. మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు కాంటాక్టు పేరు కాదు, నంబరు కనబడాలి. "బావ" అని సేవ్ చేసిన పేరు కోర్టులో ఎవరినైనా సూచించొచ్చు. తేదీ, సమయం ఉండాలి, ముందూ వెనకా మాటలూ ఉండాలి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి, అసలు ఫోన్ భద్రపరచండి. కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియమం, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే పాత 65బీ సర్టిఫికెట్ స్థానంలో ఇప్పుడు 63వ సెక్షన్. ఆ సర్టిఫికెట్‌కి రెండు భాగాలు: ఏ భాగం ఇచ్చేవారు, బీ భాగం నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు, అంటే హ్యాష్ విలువ, రాయాలి. మొబైల్ షాపులో ఫార్మాట్ కొట్టించుకొచ్చిన ఫోన్‌కి ఇవేవీ పనికిరావు. అందుకే మొదట ఆ మాట అన్నాను.

స్టేషన్‌లో వినబడే మాట మీకు తెలుసు: "భర్తే కదమ్మా చూసింది, పరాయివాడా?" న్యాయ సంహిత 78వ సెక్షన్ చదివి వినిపించండి. ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్, మరే ఎలక్ట్రానిక్ సంభాషణనైనా మగవాడు కనిపెట్టి చూడటం వెంటాడటమే. మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు. భర్తకి మినహాయింపు అని అందులో లేదు. ఆమె పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ. ఈ చట్టం కింద దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ హోదాకి తగ్గనివారు చేయాలి, అది నిజమే. కానీ ఫిర్యాదు తీసుకోకపోవడానికి అది సాకు కాదు. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173 చెబుతోంది.

భార్య ఫోన్ మాటల్ని భర్త రహస్యంగా రికార్డు చేయడం ఆమె గోప్యత హక్కుకి భంగమని, ఆ రికార్డింగు సాక్ష్యంగా చెల్లదని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏళ్ల కిందటే చెప్పింది. 2025 జులైలో సుప్రీంకోర్టు, దంపతుల మధ్య కేసుల్లో ఒకరికొకరు రహస్యంగా చేసుకున్న రికార్డింగుల్ని సాక్ష్యంగా తీసుకోవచ్చంది. దీన్ని "నిఘా పెట్టుకోవచ్చు" అని తిప్పి చెప్పే లాయర్లు ఉన్నారు. కోర్టులో చెల్లడం వేరు, చేసిన పని నేరం కాకపోవడం వేరు. అయితే ఈ తీర్పు బాధితురాలికీ పనికొస్తుంది. అతను ఆమెతో నేరుగా అన్న బెదిరింపుని ఆమె రికార్డు చేసి ఉంటే ధైర్యంగా ఇవ్వమనండి.

నా దృష్టిలో ఎక్కువ పని చేసేది క్రిమినల్ కేసు కంటే 2005 గృహహింస చట్టమే. సహజీవనంలో ఉన్నవారికీ వర్తిస్తుంది. రక్షణ అధికారులకు ఒక మనవి: మీరు నింపే ఫారం 1లో, అంటే గృహహింస ఘటన నివేదికలో, సాంకేతిక వేధింపుకి విడిగా గడి లేదు. దాన్ని మాటల, మానసిక హింస కిందా, డబ్బు యాప్‌లు ఆపేస్తే ఆర్థిక హింస కిందా రాయండి, చివర "ఇతర" అన్నచోట వివరం ఇవ్వండి. ఈ చట్టం సెక్షన్ 18 కింద రక్షణ ఉత్తర్వు అడిగేటప్పుడు "ఫోన్‌లో వేధించకూడదు" అని ముక్తసరిగా రాస్తే అమలు కాదు. ఎలక్ట్రానిక్ సంప్రదింపుని నిషేధించే అధికారం ఆ సెక్షన్‌లో ఉంది. ఫలానా జీమెయిల్ నుంచి లాగవుట్ కావాలి, ఫలానా నంబరుకి డూప్లికేట్ సిమ్ తీసుకోకూడదు, హాల్లో కెమెరా తీసేయాలి, ఫొటోలు ఎవరికీ పంపకూడదు అని పేరుపేరునా రాయండి. అప్పుడే ఉల్లంఘన జరిగితే సెక్షన్ 31 పట్టు దొరుకుతుంది: ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

అమెరికా నుంచి ఫోన్ చేసే మన అమ్మాయిలకి ఇంకో ముడి ఉంటుంది. అక్కడ ఉద్యోగం చేసే భర్త మీద ఆధారపడి ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లిన మనిషికి వీసా కాగితాలు, ఇమ్మిగ్రేషన్ ఖాతా లాగిన్, బ్యాంకు అన్నీ భర్త మెయిల్ మీదే. "ఒక్క మెయిల్ కొడితే నిన్ను పంపించేస్తారు" అన్నది అక్కడి బెదిరింపు. వేధింపుకి గురైన హెచ్-4 భార్య పని అనుమతికి సొంతంగా దరఖాస్తు చేసుకునే ఐ-765వి అనే ఫారం ఉంది. అక్కడి గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233, దుబాసీ కావాలని అడగొచ్చు. అనుమతి లేని ఫొటోల్ని 48 గంటల్లో తీసేయాలనే చట్టం మీద 2025 మేలో సంతకం అయింది. కాగితాల ఫొటోల్ని ముందుగా కొత్త మెయిల్‌కి పంపి పెట్టుకోమని ఆమెకి చెప్పండి.

చివరిగా, ఆమె బయటికి వచ్చేశాక అందరూ మరిచిపోయే వస్తువు పిల్లల ట్యాబ్. పిల్లాడు ఏడుస్తాడని సంచిలో పెట్టుకుని వస్తారు. అది తండ్రి గూగుల్ ఖాతా మీద ఉంటుంది. కొత్త ఇంటి వైఫై కలిపిన అరగంటలో ఆ ఇల్లు అతని మ్యాప్‌లో కనబడుతుంది. ఆదివారం తండ్రి దగ్గరికి వెళ్లి వచ్చేటప్పుడు కొత్త బొమ్మో, స్మార్ట్ వాచీయో చేతికి వస్తుంది, అదీ అంతే. గడప దాటి లోపలికి రాకముందే దాన్ని స్విచాఫ్ చేసి, ఖాతా తీసేసి, మళ్లీ మొదటి నుంచి ఆమె కొత్త మెయిల్‌తో తెరిచాకే వైఫై పాస్‌వర్డ్ కొట్టాలి.